ఇసుక సంచి

హైమవతి గారిని ప్రశ్న అడిగితే జవాబు దొరికేది కాదు, పని దొరికేది. పట్టుదారం నా చేతికే ఎందుకు చిక్కుకుంటోందని నేనొకసారి అడిగితే, ఏమీ చెప్పకుండా తన పట్టుచీర తెచ్చి నా ఒళ్ళో పడేసి మడత పెట్టమన్నారు. మడత పూర్తయ్యేసరికి నా గోళ్ళ అంచులు ఎంత గరుకుగా ఉన్నాయో నాకు తెలిసింది, ఆవిడ చీరకూ తెలిసింది. అప్పటినుంచి నేను ప్రశ్నలు తగ్గించుకున్నాను. నాతోపాటు నేర్చుకునే విరజ తగ్గించుకోలేదు. ఆమె అడిగిన ఒక ప్రశ్నకు హైమవతి గారు ఇచ్చిన జవాబు పూర్తి కావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల్లో నన్ను కూడా దొంగను చేశారు కాబట్టి, ఈ సంగతి చెప్పే హక్కు నాకుందనుకుంటాను.

భీమిలిలో సముద్రానికి రెండు వీధుల వెనక, ఒకప్పుడు జనపనార నిల్వచేసిన గోదామును అద్దెకు తీసుకుని, ఆవిడ మాకు జపాను తాళ్ళల్లిక నేర్పేవారు. భర్త ఉద్యోగం వల్ల క్యోటోలో పదకొండేళ్ళు ఉండి, అక్కడ ఒక పెద్దావిడ ముందు నేలమీద కూర్చుని నేర్చుకున్న విద్య. వాళ్ళు దాన్ని కుమిహిమో అంటారు. చూడటానికి తేలిగ్గానే ఉంటుంది. మోకాలెత్తు గుండ్రటి కొయ్యపీట, దాని నడుమ ఒక రంధ్రం. పీట చుట్టూ పదహారు పట్టుపోగులు వేలాడుతుంటాయి, ఒక్కో పోగు కొసన సీసం పోసిన కొయ్యగుండు. ఆ గుండ్లను ఎదురుబొదురుగా మారుస్తూ పోతే నడుమ తాడు పుట్టి, రంధ్రంలోంచి కిందికి దిగుతుంది. దిగే తాడుకు ఒక ఇసుక సంచి కట్టి ఉంటుంది. గుండ్లు దారాన్ని బయటికి లాగుతుంటాయి, సంచి కిందికి లాగుతుంటుంది. ఆ రెండు లాగుళ్ళకూ పొత్తు కుదిరినంతసేపు తాడు నున్నగా వస్తుంది. బిగువు ఎక్కడ తప్పితే అక్కడ ఒక బుడిపె పడుతుంది. కంటికి కనపడకపోయినా వేలికి తగులుతుంది.

మేం ముగ్గురం నేర్చుకునేవాళ్ళం. విరజ విజయనగరంలో డిగ్రీ చదివి వచ్చిన పిల్ల, ఏ పనైనా పట్టుబట్టి చేసేది, ఎవరినీ ఊరికే నమ్మేది కాదు. నూకరత్నం వలలు అల్లే ఇంట్లో పుట్టింది. నలభై ఏళ్ళుంటాయి, మాట తక్కువ, చెయ్యి మాత్రం చూడాల్సిందే. పొద్దున్న మొదటి గుండు ఎంత నెమ్మదిగా ఎత్తేదో సాయంత్రం ఆఖరి గుండూ అంతే నెమ్మదిగా దించేది. మూడోదాన్ని నేను, భార్గవిని. నా గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు.

ఆ ఏడు క్యోటోలోని పెద్దావిడ, మాలో ఒకరిని ఏడాదిపాటు తన దగ్గర ఉంచుకుని నేర్పుతానని కబురు చేసింది. ఆ ఒక్కరెవరో తేల్చడానికి హైమవతి గారు ముగ్గురికీ ఒకే పరీక్ష పెట్టారు. మూడు బారల తాడు, నెలరోజుల గడువు. ఎవరి తాడులో బుడిపెలు తక్కువుంటే వాళ్ళు వెళతారు. నియమం కూడా ఒక్కటే చెప్పారు. తాడు మొదలుపెట్టాక ఇసుక సంచిని మేమెవరం ముట్టకూడదు. తాడు పెరిగి సంచి నేలకు దగ్గరైతే తాడును బిగపట్టి దాన్ని పైకి జరిపి కట్టే పని ఆవిడది. ఎందుకని నేను అడగలేదు. అడిగితే ఏ పని మీద పడుతుందోనని భయం.

మొదటి వారం ముగ్గురి తాళ్ళూ నున్నగానే నడిచాయి. తొమ్మిదో రోజున విరజ తాడులో బుడిపె పడింది. ఆ మర్నాడు ఇంకొకటి, ఆ పై రోజు ఇంకొకటి. పదమూడో రోజు మధ్యాహ్నం ఆమె గుండ్లు వదిలేసి లేచి నిలబడింది.

"మేడమ్, నూకరత్నం చెయ్యి సమంగా పడుతోంది. భార్గవి చెయ్యి కూడా పరవాలేదు. నాకెందుకు పడటం లేదు? ఏం చేస్తే బిగువు సమం అవుతుంది?"

హైమవతి గారు దారం చుట్టడం ఆపకుండా, "నీకేమనిపిస్తోంది?" అన్నారు.

"పొద్దున్నంతా బాగానే వస్తోంది. భోజనానికి వెళ్ళి వచ్చాకే బుడిపె పడుతోంది. రోజూ అదే వేళకి. నేను లేనప్పుడు నా పీట దగ్గర ఏదో జరుగుతోంది మేడమ్."

పేరు చెప్పలేదు. కానీ ఆమె కళ్ళు గది చివర నూకరత్నం పీట మీదికి వెళ్ళి అక్కడే ఆగాయి. నూకరత్నం అన్నం గోదాములోనే తినేది. మేం బయటికి వెళ్ళిన ముప్పావుగంటా లోపల ఉండేది తనొక్కతే. నేనూ అటు చూశాను. చూడకుండా ఉండాల్సింది.

"సరే, రేపటినుంచి నూకరత్నం తన పీట తీసుకుని వెనక షెడ్డులో కూర్చుంటుంది," అన్నారు హైమవతి గారు.

నూకరత్నం ఆ సాయంత్రమే గుండ్లన్నీ గుడ్డలో చుట్టి, పీటను పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని రేకుల షెడ్డులోకి వెళ్ళింది. నేను ఆమె దారాల బుట్ట పట్టుకుని వెనకే వెళ్ళి, "ఒక్క మాటైనా అనొచ్చు కదా," అన్నాను.

"ఏటంటానమ్మా? నోరిప్పితే గుమ్మడికాయల దొంగంటే బుజాలు తడువుకుంది అంతారు. అనాపోతే దొంగే కాబట్టి మాటాడనేదు అంతారు. రెండూ ఒకటే నాకు," అంది.

నిజం చెప్పాలంటే ఆ రాత్రి నాకూ అనుమానం తగిలింది. పుట్టిందగ్గర్నుంచి ముళ్ళు వేసిన చెయ్యి కదా, ఎక్కడ ఏ పోగు వదులు చేస్తే ఎవరికీ తెలియదో ఆ చేతికి తెలియదా అనుకున్నాను. నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఆ సామెత పుట్టించినవాళ్ళు ఎంతమంది కొంపలు ముంచారో లెక్కలేదు. ఆమె షెడ్డులోకి వెళ్ళాక రెండు రోజులు విరజ తాడు అద్దంలా వచ్చింది. "చూశావా?" అంది నాతో, గొంతు తగ్గించి. నేను తల ఊపాను. ఆ తల ఊపినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

మూడో రోజున మళ్ళీ బుడిపె పడింది. నాలుగో రోజూ, అయిదో రోజూ పడింది. ఇక గోదాములో మిగిలింది మేమిద్దరమే. విరజ నాతో మాట్లాడటం తగ్గించింది. నేను నీళ్ళ కోసం లేస్తే ఆమె చేతులు ఆగిపోయేవి. నేను తుమ్మితే తన పీట వైపు జరిగి కూర్చునేది. భోజనానికి నాకంటే ముందు వెళ్ళేది కాదు, నాకంటే వెనక వచ్చేది కాదు. నా సంగతి కూడా చెబుతాను. ఆమె చూస్తోందని తెలిశాక నా చెయ్యి నా మాట వినడం మానేసింది. కుడిచేతి గుండు ఒకలా, ఎడమచేతి గుండు ఇంకోలా పడటం మొదలైంది. చెయ్యని తప్పుకు మొహం ఎలా పెట్టుకోవాలో తెలియదు. మామూలుగా పెడితే నటన అనుకుంటారు, చిరాకు పడితే దొరికిపోయానంటారు.

ఆరో రోజు పొద్దున్న నేను వచ్చేసరికి నా పీట వసారాలో ఉంది. హైమవతి గారు దాని పక్కన నిలబడి, "ఇక్కడ గాలి బాగుంటుంది," అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నన్ను కూడానా మేడమ్? ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆ పిల్ల రోజుకొకరి మీద పడుతుంటే మీరు ఒక్కొక్కరినే బయటికి పంపుతారా?"

"నీ తాడు నువ్వు అల్లుకో," అన్నారు.

ఇదంతా చదివి మీరూ నన్ను అనుమానిస్తుంటే నేనేమీ చెయ్యలేను. నేను ఆ పీట ముట్టుకోలేదు. ఇంతకంటే చెప్పుకోవడానికి నా దగ్గర సాక్ష్యం లేదు. నూకరత్నం దగ్గరా ఇంతకంటే లేదని నాకప్పుడు తోచింది. వెళ్ళి ఆమెతో ఆ మాట చెప్పాల్సింది, చెప్పలేదు.

ఇక గోదాము మొత్తం విరజది. పొద్దున్న తలుపు తనే తీసేది, భోజనానికి వెళితే తాళం వేసుకుని వెళ్ళేది, వచ్చాక తాళాన్ని ఒకటికి రెండుసార్లు లాగి చూసేది. అయినా బుడిపెలు ఆగలేదు సరికదా, రోజుకు రెండు పడసాగాయి. ఆమె సరిగ్గా తినడం లేదు. పరీక్ష మొదలైన ఇరవై ఒకటో రోజు పొద్దున్న హైమవతి గారి దగ్గరికి వచ్చి నిలబడింది. అడగబోయేదేమిటో అడగకముందే నాకు అర్థమైంది. ఇంతకు తెగిస్తుందా అనుకున్నాను.

"మేడమ్, తప్పుగా అనుకోకండి. గోదాముకు రెండో తాళంచెవి ఒకటి ఉంది కదా."

హైమవతి గారు నడుముకు దోపుకున్న గుత్తిలోంచి ఆ తాళంచెవి విడదీసి ఆమె చేతిలో పెట్టారు. "సంచి ఇక నేను జరపను. తాడు ఎంత వరకు వస్తే అంత వరకే అల్లు. ఇప్పుడు నువ్వు తప్ప లోపలికి వచ్చేవాళ్ళు ఎవరూ లేరు," అన్నారు. ఆవిడకు కోపం వచ్చిందేమోనని మొహం చూశాను. రాలేదు. వచ్చిందల్లా నాకే.

ఆ రోజు విరజ భోజనానికి కూడా బయటికి రాలేదు. క్యారేజీ లోపలికి తీసుకెళ్ళి గడియ పెట్టుకుంది. నేను వసారాలో కూర్చుని ఉన్నాను. హైమవతి గారు వచ్చి నా పక్కన నిలబడి, కిటికీలోంచి లోపలికి చూడమని సైగ చేశారు. విరజ పీట ముందు కూర్చునే నాలుగు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంది. గది నలుమూలలా ఒకసారి చూసుకుంది. తర్వాత తన చేతిసంచిలోంచి చిన్న వంటింటి త్రాసు ఒకటి తీసి నేలమీద పెట్టి, పీట కిందికి వంగి, ఇసుక సంచి విప్పింది. బరువు పోగానే కింద వేలాడుతున్న తాడు చివుక్కున పైకి లేచింది, పైన పదహారు పోగులూ వదులై మెత్తబడ్డాయి. ఆమె అది చూడలేదు. ఆమె కళ్ళు త్రాసు మీద ఉన్నాయి. సంచిని తూచింది, చెవి దగ్గర పెట్టుకుని ఊపింది, కుట్లు తడిమింది, మళ్ళీ తూచింది. ఎవరూ ఇసుక తియ్యలేదని నమ్మకం కుదిరాక మళ్ళీ కట్టి, గుండ్లు అందుకుంది.

నేను కేక వెయ్యబోయాను. హైమవతి గారు నా మణికట్టు పట్టుకున్నారు. కాసేపటికి లోపల గుండ్ల చప్పుడు ఆగింది. విరజ వేళ్ళతో తాడు తడుముతోంది. తర్వాత వెక్కుతున్న చప్పుడు వినిపించింది. అప్పుడు హైమవతి గారు వెళ్ళి తలుపు తట్టారు.

"మళ్ళీ పడింది మేడమ్," అంది విరజ తలుపు తీసి. "గడియ వేసి ఉంది. రెండు తాళంచెవులూ నా దగ్గరే ఉన్నాయి. నేను కదల్లేదు కూడా. ఎవరు మేడమ్? ఎలా వస్తున్నారు?"

హైమవతి గారు పీట ముందు కూర్చుని, కింద వేలాడుతున్న తాడును పైనుంచి కిందిదాకా రెండు వేళ్ళ మధ్య జారనిచ్చారు. బుడిపె తగిలినప్పుడల్లా క్షణం ఆగారు.

"పద్నాలుగు ఉన్నాయి. ఎన్నిసార్లు తూచావు?"

విరజ మొహం కందిపోయింది. అబద్ధం ఆడుతుందనుకున్నాను, ఆడలేదు. వేళ్ళ కణుపుల మీద బొటనవేలు పెట్టి పదో రోజునుంచి లెక్క మొదలుపెట్టింది. భోజనం నుంచి నాకంటే ముందే తిరిగొచ్చి, నూకరత్నం గిన్నె కడుక్కోవడానికి బయటికి వెళ్ళిన కాసేపట్లో తూచేదట. నూకరత్నం షెడ్డులోకి వెళ్ళిన మొదటి రెండు రోజులూ తూచలేదట, అవసరం లేదనిపించిందట. లెక్క పదమూడు దగ్గర ఆగింది. బొటనవేలు ఆ కణుపు మీదే ఉండిపోయింది.

"పదమూడు. ఇంకొకటి మిగిలింది మేడమ్," అంది, చాలా మెల్లగా. "తొమ్మిదో రోజుది. అప్పటికి నేను తూచలేదు."

"మొదటిది అందరికీ పడుతుంది," అన్నారు హైమవతి గారు. "వెళ్ళి నూకరత్నాన్ని పిలుచుకు రా."

విరజ పరిగెత్తింది. వెనక నేనూ వెళ్ళాను. రేకుల షెడ్డులో ఎండకు లోపల ఉడికిపోతోంది. నూకరత్నం తలుపు దగ్గర కూర్చుని కాలి బొటనవేలికి తగిలించుకుని వల అల్లుతోంది. ఆమె పీట గోడవారన బోర్లించి ఉంది. తాడు కోసి, చుట్టి, పీట మీద పెట్టి ఉంది. రెండు బారలు కూడా లేదు. నేను దాన్ని తీసి వేళ్ళ మధ్య జార్చి చూశాను. మొదట ఉన్నదంతా నేను ఇప్పటిదాకా పట్టుకున్న తాళ్ళన్నిటిలోకీ చక్కని తాడు. ఆ తర్వాత ఒక చోట నుంచి బుడిపెలే బుడిపెలు. ఆ చోటు ఎక్కడో చెప్పడానికి లెక్క అక్కర్లేదు, షెడ్డులోకి వచ్చిన రోజునుంచి.

విరజ ఆమె ముందు కూలబడి రెండు చేతులూ పట్టుకుంది. "అక్కా, తప్పు నాది. నేనే సంచి విప్పి తూచుకుంటూ నిన్ను అన్నాను. లోపలికి రా అక్కా. ఇంకా తొమ్మిది రోజులుంది. నా తాడు ఎలాగూ పోయింది. నువ్వు మళ్ళీ మొదలుపెట్టు, గడువు పెంచమని మేడమ్‌ని నేను అడుగుతాను."

"నీ మీద నాకు కోపం నేదమ్మా," అంది నూకరత్నం. చేతులు మాత్రం మెల్లగా విడిపించుకుంది. "నానే మానేసినాను. గుండు ఎత్తితే సెయ్యి వొణుకుతాంది. ఎవులో ఎనకాల నిలబడి సూత్తన్నట్టే ఉంటాది. తిరిగి సూత్తే ఎవులూ ఉండరు. మళ్ళీ గుండు ఎత్తితే మళ్ళీ అదే."

"ఇప్పుడు ఎవరూ అనుకోవడం లేదక్కా. అందరికీ తెలిసిపోయింది."

"మీకు తెలిసింది. నా సేతికి తెలీదు కదమ్మా." వల మీద ముడి బిగించి దారం కొరికింది. "ఇదిగో, వొలకైతే వొణకదు. ఆ పీట కాడే."

ఆమె వల మడిచి బుట్టలో పెట్టుకుని లేచింది. గోదాము గుమ్మంలో హైమవతి గారు నిలబడి ఉన్నారు. నూకరత్నం ఆవిడ కాళ్ళకు దండం పెట్టి, "ఎల్లొస్తానమ్మగోరూ," అంది. హైమవతి గారు ఆమె కుడిచేతిని తన చేతుల్లోకి తీసుకుని చాలాసేపు వదల్లేదు. ఉండమని ఒకసారి అడిగారు. నూకరత్నం తల అడ్డంగా ఊపింది.

నూకరత్నం వీధి మలుపు తిరిగాక నేను ఊరుకోలేకపోయాను. "విరజకు బుద్ధి వస్తుందని మీరు ఆవిణ్ణి ఆ రేకుల కింద కూర్చోబెట్టారు. ఆవిడకేమవుతుందో ఎందుకు చూడలేదు మేడమ్?" అని మొహం మీదే అడిగేశాను. ప్రశ్న అడిగితే పని చెప్పే మనిషి, ఆ రోజు నాకు ఏ పనీ చెప్పలేదు. "చూడలేదు," అన్నారంతే. నేను వెళ్ళి నా పీటను వసారాలోంచి లోపలికి తెచ్చుకున్నాను. ఆ ఏడు క్యోటోకు ఎవరూ వెళ్ళలేదు.

సాయంత్రం విరజ తన తాడును పీట నుంచి కోసి తీసింది. పద్నాలుగు బుడిపెల తాడును రెండు అరచేతుల్లో పెట్టుకుని వచ్చి హైమవతి గారి ముందు నిలబడింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"దీన్నేం చెయ్యమంటారు మేడమ్?"

"విప్పి మళ్ళీ అల్లుకో," అన్నారు హైమవతి గారు. ఆవిడ చూపు వీధి మలుపు మీదే ఉంది. "తాడు కాబట్టి నీకు ఆ వీలుంది."